దీవిలో ఉద్యోగం, బీరువాలో సర్టిఫికెట్లు

ఆ వేసవిలో వచ్చినంత కోపం నాకు అంతకుముందెప్పుడూ రాలేదు. వచ్చి ఉంటే ఎప్పుడో బాగుపడేదాన్ని.

మొదట స్కూలు మీద వచ్చింది. పదిహేడేళ్లుగా అదే ప్రైవేటు స్కూల్లో ఇంగ్లిషు చెబుతున్నాను. ఆ ఏడు యాజమాన్యం ఏదో కంపెనీతో ఒప్పందం చేసుకుని టీచర్లందరి చేతుల్లో తలా ఒక టాబ్లెట్ పెట్టింది. పాఠం అందులో ఉంటుంది, మనం నిలబడి చదవాలి. పద్నాలుగో నిమిషంలో ఏ ప్రశ్న అడగాలో, ఇరవయ్యో నిమిషంలో ఏ జోకు వెయ్యాలో కూడా అందులోనే రాసి ఉంటుంది. ఒకరోజు వెనక బెంచీలోంచి ఒక పిల్ల లేచి నిజంగా మంచి ప్రశ్న అడిగింది. టాబ్లెట్ పక్కన పెట్టి దానికి జవాబు చెప్పాను. నాలుగు నిమిషాలు వెనకబడ్డానని సాయంత్రానికల్లా మెమో వచ్చింది. ఆ మెమోలో మూడు తప్పులున్నాయి. ఎర్ర పెన్నుతో దిద్ది తిరిగి పంపుదామనుకున్నాను గానీ, నోరు మూసుకుని సంతకం పెట్టి ఇచ్చాను.

మా అమ్మాయి హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. ఫోన్లో దానికి ఈ సంగతంతా చెప్పి, స్కూలును నాలుగు తిట్లు తిట్టాను. మర్నాడు అది ఒక ప్రకటన పంపింది, 'అమ్మా, నీకు సరిగ్గా సరిపోయే ఉద్యోగం' అని పక్కన నవ్వే బొమ్మలు పెట్టి. పసిఫిక్ సముద్రం మధ్యలో ఒక బుల్లి దేశం. పటంలో వెతికితే ఈగ వాలిన మచ్చంత కూడా కనబడదు. అందులోనూ అన్నిటికంటే చివరి దీవి. ఒకటే బడి, అరవై నలుగురు పిల్లలు. రెండేళ్లకు ఇంగ్లిషు టీచరు కావాలి. ఆరు వారాలకోసారి ఓడ వస్తుంది. ఉండడానికి ఒంటిగది. తాగడానికి పట్టి ఉంచిన వాన నీళ్లు. అన్నిటికంటే కింద ఒక వాక్యం ఉంది: పాఠ్యపుస్తకాలు లేవు, పాఠాలు టీచరే తయారు చేసుకోవాలి.

ఆ ఆఖరి వాక్యం చూసే అమ్మాయి నవ్వుకుంది. ఆ వాక్యం చూసే నేను దరఖాస్తు పెట్టాను.

మా ఆయనను వీధిలో అందరూ ఫ్లూయెన్సీ మాస్టారంటారు. మా ఇంటి ముందుగదిలో తొమ్మిదేళ్లుగా స్పోకెన్ ఇంగ్లిషు సెంటరు నడుపుతున్నారు. నలభై రోజుల్లో మీ నోరు తిరుగుతుందని గుమ్మం మీద బోర్డు. ఆయన నోరైతే పుట్టినప్పటినుంచీ తిరుగుతూనే ఉంది. డిగ్రీ రెండో ఏడాదిలో ఆపేసిన మనిషి అంత ధీమాగా ఇంగ్లిషు మాట్లాడడం చూసి పెళ్లైన కొత్తలో నేనూ ముచ్చటపడ్డాను. ఎంత తప్పు వాక్యమైనా ఆయన నోట్లోంచి ఇస్త్రీ చేసినట్టు వస్తుంది.

దీవి సంగతి చెబితే కోప్పడతారేమో అనుకున్నాను. ఆయన నవ్వారు. అక్కడ కొబ్బరికాయలకు గ్రామర్ చెబుతావా అన్నారు. పెట్టుకో, పెట్టుకో, దరఖాస్తు పెట్టడానికేం, పైసా ఖర్చు లేదు కదా అని కూడా అన్నారు. మా అత్తగారు మాత్రం, ఆ ఊరు మీ అమ్మగారి ఊరికంటే దూరమా అని అడిగారు. దూరమేనని చెప్పాను. అయితే బస్సులో వాంతులవుతాయి, నిమ్మకాయ పెట్టుకో అన్నారు. ఆవిడ ఒక్కరే ఆ ప్రయాణం నిజంగా జరగవచ్చన్నట్టు మాట్లాడారు.

సెలవులిచ్చిన వారానికి దీవి నుంచి జవాబొచ్చింది. పది నిమిషాలు పాఠం చెబుతూ వీడియో తీసి పంపమన్నారు. ఈసారి మా ఆయన ఉత్సాహం చూపించారు. సెంటరుకు ఎవరైనా కొత్తవాళ్లు చూడ్డానికి వస్తే పాఠం చూపించడానికి ఆయన దగ్గర ముగ్గురు పిల్లలు తయారుగా ఉంటారు. ఏ ప్రశ్నకు ఎవరు చెయ్యెత్తాలో, ఎవరు కాస్త తడబడి తర్వాత సరిగ్గా చెప్పాలో వాళ్లకు కంఠతా వచ్చు. ఆ ముగ్గురినీ కూర్చోబెట్టుకో, దెబ్బకు ఉద్యోగం నీ ఒళ్లో పడుతుంది అన్నారు. స్కూల్లో టాబ్లెట్ చేసేదీ, ఇక్కడ ఈయన చేసేదీ ఒకటేనని నాకప్పుడు తట్టింది. వద్దన్నాను.

అత్తగారిని కూర్చోబెట్టాను. డెబ్బై రెండేళ్ల మనిషి, ఇంగ్లిషు అక్షరం ఎరగరు. ఆవిడ ముందు ఒక గిన్నె, ఒక గరిటె, ఒక గ్లాసు పెట్టి, కిటికీలో ఫోను నిలబెట్టాను. తెలుగు ముక్క మాట్లాడకూడదని ముందే ఒట్టు వేయించుకున్నాను. 'గివ్ మీ ది గ్లాస్' అని చెయ్యి చాపాను. ఆవిడ గిన్నె ఇచ్చారు. తల అడ్డంగా ఊపాను. గరిటె ఇచ్చారు. మళ్లీ ఊపాను. మూడోది ఒక్కటే మిగిలింది గనక గ్లాసు ఇచ్చి, పెద్ద ఘనకార్యం చేసినట్టు చూశారు. ఆరో నిమిషానికి మాట పట్టుబడింది. ఎనిమిదో నిమిషానికి నా చేతిలోని గరిటె చూపించి 'గివ్ మీ' అని నన్నే గదమాయించారు. పేరేమిటో గుర్తు రాక కాసేపు తంటాలు పడి, చివరికి నా చేతిలోంచి లాక్కున్నారు. ఫోను ఆపేశాక అడిగారు:

"ఈ మాత్రం దానికా వాడు నలభై రోజులు తీసుకుంటాడు?"

ముందుగదిలో మా ఆయన దగ్గారు.

ఇంటర్వ్యూ తెల్లవారుజామున జరిగింది. మనకు కాఫీల వేళ అయితే వాళ్లకు మధ్యాహ్నమట. ఫోన్లో ఆ బడి హెడ్మిస్ట్రెస్ కనబడింది. లావుపాటి మనిషి, వెనక రేకుల కప్పు మీద వాన చప్పుడు. పదకొండు వీడియోలు వచ్చాయనీ, పదింట్లో పిల్లలకు పాఠం చెప్పకముందే వచ్చేసిందనీ, మీ దాంట్లో ఒక్కదాంట్లోనే నేర్చుకునే మనిషి తప్పు చేసిందనీ చెప్పింది. మా పిల్లలూ అలాగే తప్పులు చేస్తారు, మీరు రండి అంది. నెలాఖరులోగా ఒరిజినల్ సర్టిఫికెట్లు నోటరీకి చూపించి, ఆయన ముద్ర వేసిన నకళ్లు పంపాలి. అవి అందకపోతే ఓడలో నాకు చోటు ఉంచరు. మళ్లీ ఆరు వారాలు పిల్లలను ఖాళీగా కూర్చోబెట్టలేము గనక, ఇంకొకరిని తీసుకుంటాం, ఏమీ అనుకోవద్దు అంది. ఎంత మర్యాదగా చెప్పిందో. పదిహేడేళ్లలో నాతో ఏ కరస్పాండెంటూ అంత మర్యాదగా మాట్లాడలేదు.

ఫోను పెట్టేసి వెనక్కి తిరిగితే మా ఆయన తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. మొహం పాలిపోయి ఉంది. నేను వెళ్లిపోతానన్న బెంగ అనుకున్నాను. కొంచెం జాలి కూడా వేసింది. అంత తెలివితక్కువదాన్ని.

ఒరిజినల్స్ నా దగ్గర లేవు. ప్రైవేటు స్కూళ్లలో పనిచేసిన వాళ్లకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఉద్యోగంలో చేరేటప్పుడు టీచర్ల సర్టిఫికెట్లు స్కూలువాళ్లు పుచ్చుకుని ఇనప్పెట్టెలాంటి బీరువాలో పెడతారు. మధ్యలో మానేసి ఇంకో స్కూలుకు పారిపోకుండా ముక్కుతాడన్నమాట. నేనూ చేరిన రోజున ఇచ్చాను. మళ్లీ వాటి మొహం చూడలేదు. ఇన్నేళ్లలో ఒక్కసారైనా చూపించమని అడగలేదా అంటే, అడగలేదు. అది నా తప్పు, ఒప్పుకుంటున్నాను.

ఆ మూడు వారాలూ స్కూలు చుట్టూ కాళ్లరిగేలా తిరిగాను. సెలవుల్లో ఆఫీసులో గుమస్తా ఒక్కడే ఉంటాడు. కరస్పాండెంటు ఊళ్లో లేరు, బీరువా తాళం ఆయన దగ్గరే ఉంది, రేపొస్తారు, ఎల్లుండొస్తారు. వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టేవాడు. పైన ఫ్యాను తిరిగేది కాదు. గోడ మీద పోయినేడు ర్యాంకులొచ్చిన పిల్లల ఫొటోలు, వాళ్లలో సగం మందికి ఇంగ్లిషు నేను చెప్పిందే. మేడం, మీ కాగితాలు లోపల భద్రంగా ఉన్నాయి, చీమ కూడా దూరదు అని గుమస్తా రోజూ అభయమిచ్చేవాడు.

వెళ్లిన ప్రతిసారీ మా ఆయనే స్కూటరు మీద దింపారు. ఎండన పడి నడుస్తావా అని నీళ్ల సీసా కూడా చేతికిచ్చారు. గట్టిగా అడగకు, ఆయనకు కోపమొస్తే అసలుకే మోసం అని జాగ్రత్తలు చెప్పారు. ఇంటికి వచ్చి నేను కరస్పాండెంటును తిడుతుంటే పక్కన కూర్చుని తనూ తిట్టారు. వీళ్లంతే, ఆడవాళ్లంటే లెక్కలేదు వీళ్లకు అన్నారు. ఆ మాట ఇప్పుడు తలుచుకున్నా నాకు ఒళ్లు మండుతుంది.

నెలాఖరుకు నాలుగు రోజులుందనగా కరస్పాండెంటు వచ్చారు. ముందు నాకు కృతజ్ఞత గురించి క్లాసు పీకారు. ఈ సంస్థ నిన్ను తయారు చేసింది, నువ్వేమో నీళ్ల మధ్యకు పోతానంటున్నావు, అక్కడ భవిష్యత్తేముంది అన్నారు. చేతులు కట్టుకుని విన్నాను. కాగితాలు చేతికొచ్చేదాకా ఎవరి కాళ్లయినా పట్టుకుందామని నిశ్చయించుకునే వెళ్లాను. చివరికి తాళం గుమస్తా చేతిలో పడేశారు.

బీరువా తెరిచారు. టీచర్ల కవర్లు పేర్ల వరుసలో నిలబెట్టి ఉన్నాయి. నా పేరుకు ముందున్న లెక్కల టీచరు కవరుంది, తర్వాతున్న డ్రిల్లు మాస్టారి కవరుంది. మధ్యలో నాది లేదు. గుమస్తా పై అర వెతికాడు, కింది అర వెతికాడు, అన్నీ బయటికి తీసి నేల మీద పరిచాడు. అతని నుదుటి మీద చెమట పట్టింది. అప్పుడేదో గుర్తొచ్చినట్టు లేచి, ఒక పాత రిజిస్టరు దించి, ఉమ్మితో వేలు తడుపుకుంటూ పేజీలు తిప్పాడు. ఒక చోట ఆగి, హమ్మయ్య అని నవ్వి, రిజిస్టరు నా వైపు తిప్పాడు.

తొమ్మిదేళ్ల కిందటి తారీకు. నా పేరు. మూడు సర్టిఫికెట్లు. తీసుకున్నవారు అన్న గడిలో మా ఆయన సంతకం. సంబంధం అన్న గడిలో, భర్త.

"ఎక్కడికో పోయాయని హడలి చచ్చాను మేడం. మీ ఇంట్లోనే ఉన్నాయి," అన్నాడు గుమస్తా.

"నన్నడక్కుండా ఎలా ఇచ్చారు?"

"మీ ఆయనే కదండీ. పరాయివాళ్లకేమన్నా ఇచ్చామా?"

అరికాలి మంట నెత్తికెక్కింది. పదిహేడేళ్లు పనిచేసిన దాన్ని నన్ను ఇరవై రోజులు బెంచీ మీద ఎండబెట్టారు. మా ఆయన మాత్రం వచ్చి అడిగిన పూటే తీసుకుపోయారు. కరస్పాండెంటు గొంతు సవరించుకుని, ఇది మీ ఇంటి విషయం, ఇంట్లో తేల్చుకోండి అన్నారు. గేటు బయట మా ఆయన స్కూటరు మీద కూర్చుని ఎదురుచూస్తున్నారు. ఆయన ముందునుంచే నడిచి ఇంటికి వెళ్లాను. ఆయన వెనకే నెమ్మదిగా స్కూటరు నడుపుకుంటూ, ఏమైంది, ఏమైంది అని అడుగుతూ వచ్చారు. ఏమైందో ఆయనకు తెలుసు.

ఇంట్లోకి వచ్చి ఆయన స్కూటరు తాళం మేకుకు తగిలించారు. తర్వాత చెప్పారు. సెంటరుకు సర్కారు గుర్తింపు కావాలంటే ఎమ్మే, టీచరు ట్రైనింగు ఉన్న మనిషి హెడ్డుగా ఉండాలన్నారట, ఆ మనిషి ఒరిజినల్స్ గుర్తింపు ఆఫీసులో పెట్టాలన్నారట. తనకు డిగ్రీ లేదు. నాకున్నాయి. మనింటి సెంటరే కదా, నీదీ నాదీ అని ఉంటుందా అన్నారు.

"మరి ఈ మూడు వారాలూ? రోజూ దింపి వచ్చారే, అప్పుడు చెప్పడానికేమైంది?"

"చెబుదామనే అనుకున్నా. ముందు దరఖాస్తు పెడితే, ఎలాగూ రాదులే అనుకున్నా. వచ్చాక, తిరిగి తిరిగి నువ్వే విసిగి వదిలేస్తావనుకున్నా."

దొంగతనం కంటే ఆ మాటకే నాకు కడుపు రగిలింది. నా చదువు మీద సెంటరు పెట్టుకుని బతికిన మనిషికి, ఆ చదువుతో నాకొక ఉద్యోగం వస్తుందన్న నమ్మకం లేదు. ఏం మాట్లాడానో నాకే గుర్తులేదు. గిన్నెలు మాత్రం పగలలేదు. అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడి అంతా విని, కొడుకును కోపంగా చూసి, తర్వాత నా వైపు తిరిగారు.

"వాడు చేసింది వెధవ పనే, కాదనను. కానీ అమ్మాయ్, అవి తెచ్చేసుకుంటే వాడి సెంటరు ఏం కావాలి?"

"అవి పట్టుకెళ్లిన రోజున నేనేం కావాలని ఎవరైనా అడిగారా అత్తయ్యా?"

ఆవిడ గుమ్మంలోంచి వెనక్కి తిరిగారు. లోపలికి వెళ్లి పొయ్యి మీద కూర కలుపుతూ చాలాసేపు నిలబడ్డారు.

మర్నాడు పొద్దున్న గుర్తింపు ఆఫీసుకు బయల్దేరాను. మా ఆయన ఆపలేదు. నింపాదిగా టిఫిను తింటూ, వెళ్లు, నీ ఇష్టం అన్నారు. ఆ నింపాదితనం చూసి నాకు ఆశ్చర్యం వేసింది గానీ, ఆలోచించే తీరిక లేదు.

అక్కడి అధికారిణి నా వయసుదే. ఫైలు తెప్పించి నా ముందు పెట్టింది. మొదటి పేజీలో నా ఫొటో, పెళ్లి ఫొటోలోంచి కత్తిరించింది. భుజం మీద ఎవరిదో చెయ్యి సగం కనబడుతోంది. కింద సెంటరు ప్రిన్సిపాల్ అని నా పేరు. ఏటా గుర్తింపు పొడిగించమని దరఖాస్తు, ప్రతి దాని కిందా నా సంతకం. తొమ్మిది సంతకాలు. అందులో ఒక్కటీ నేను పెట్టింది కాదు. నా సంతకం చిన్నది, వేల నోటుబుక్కుల మీద పెట్టి పెట్టి అరిగిపోయినది. ఇదేమో ఏడు మెలికలు తిరిగి, చివర తోక, తోక కింద రెండు చుక్కలు. చాలా ధీమాగా ఉంది.

ఆవిడ నా మొహం చూసింది. కళ్లద్దాలు తీసి, గొంతు తగ్గించి అడిగింది.

"ఇవి మీ సంతకాలేనా?"

నేను ఆ తోకనే చూస్తున్నాను. ఆవిడే నిదానంగా చెప్పింది. కావు అంటే ఫైలు విచారణకు వెళుతుంది. అది తేలేదాకా, ఆరు నెలలో ఎనిమిది నెలలో, ఒరిజినల్స్ సీలు వేసి ఉంచుతారు. అవునంటే హెడ్డుగా తప్పుకుంటున్నానని ఇక్కడే ఒక కాగితం రాసిచ్చి ఇప్పుడే పట్టుకెళ్లవచ్చు. ఈ సాయంత్రం ఐదింటి నుంచి అది అమల్లోకి వస్తుంది. కాకపోతే కాగితం మీద సంతకం ఫైల్లోని వాటితో కలవాలి. కలవకపోతే తను ఇవ్వలేదు.

మా ఆయన అంత నింపాదిగా టిఫిను ఎందుకు తిన్నారో అప్పుడు అర్థమైంది.

"నావే," అన్నాను.

ఒక తెల్లకాగితం అడిగి తీసుకుని, ఫైల్లోని చివరి దరఖాస్తు నకలు పక్కన పెట్టుకుని, వరండాలో బల్ల దగ్గర కూర్చున్నాను. పదిహేడేళ్లు పిల్లల చేత అక్షరాలు దిద్దించిన దాన్ని, ఆ రోజు మా ఆయన పెట్టే నా సంతకం దిద్దుకున్నాను. మొదటి మూడుసార్లు మెలికలు తక్కువయ్యాయి. తర్వాత తోక పొట్టిదైంది. అటూ ఇటూ పోయేవాళ్లు చూస్తారేమోనని మోచేత్తో కాగితం దాచుకున్నాను, కాపీ కొట్టే పిల్లలాగ. పదకొండోసారికి కుదిరింది. లోపలికి వెళ్లి ఒక్క ఊపులో పెట్టేశాను. ఆవిడ రెండూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది.

"సరిపోయింది," అని కవరు నా చేతిలో పెట్టింది. నా కళ్లలోకి మాత్రం చూడలేదు.

ఆయనను క్షమించి అలా చేశానని ఎవరైనా అనుకుంటే పొరపాటు. నాకు ఎనిమిది నెలల వ్యవధి లేదు. ఉండి ఉంటే ఆ మాట వేరేగా చెప్పేదాన్ని.

నోటరీ దగ్గర ముద్రలు వేయించి, పక్కనున్న ఇంటర్నెట్ షాపులో స్కాన్ చేయించి దీవికి పంపాను. నేను ఇంటికి వచ్చేలోపే జవాబొచ్చింది. అందాయి, ఓడలో మీ పేరు రాయించాను, రండి అని.

ఇంటికి వచ్చేసరికి నాలుగున్నర. ముందుగదిలో కొత్త బ్యాచి. పాతికమంది కుర్చీల్లో ఇరుక్కుని కూర్చున్నారు. మా ఆయన బయటికొచ్చి నా చేతిలోని కవరు చూశారు. తెల్లబోయారు. లోపలి వాళ్లకు వినబడకుండా గొంతు తగ్గించి అడిగారు.

"సంతకం ఎలా కలిసింది?"

"పదకొండుసార్లు ప్రాక్టీసు చేస్తే కలిసింది. మీకు మొదటిసారి ఎన్నిసార్లు పట్టిందండీ?"

ఆయన నోరు తిరగలేదు. ఆయనను దాటి ముందుగదిలోకి వెళ్లాను. పిల్లలు లేచి నిలబడి, గుడీవినింగ్ మేడం అన్నారు. కూర్చోమన్నాను. గోడ గడియారంలో ఐదుకు ఇంకా పాతిక నిమిషాలుంది. ఈ సెంటరుకు తొమ్మిదేళ్లుగా ప్రిన్సిపాల్‌ని నేనేనని చెప్పాను, ఇన్నాళ్లూ రానందుకు క్షమించమన్నాను, రేపటి నుంచి సెంటరు ఉండదు, ఎవరూ రావద్దని చెప్పాను. ముందు ఇంగ్లిషులో చెప్పాను. ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత తెలుగులో చెప్పాను.